పన్ను లేదన్నారు, మరి రిటర్ను ఎందుకు?

సందేహం: మాది పులివెందుల దగ్గర పల్లె. ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో 2025 ఏప్రిల్‌ 1న చేరాను. జీతం నెలకు 62 వేలు. అంతకు ముందు నెలలో నాన్న చీనీతోట డబ్బు 8 లక్షలు ‘నీ పెళ్లికి ఉంటాయిలే’ అని తన ఖాతా నుంచి నా ఖాతాకు వేశాడు. ఎఫ్‌డీ చేశాను. ఏడాదికి 56 వేలు వడ్డీ వచ్చింది, బ్యాంకువాళ్లు 5,600 పట్టుకున్నారు. పంట డబ్బుకు పన్ను లేదు కదా, ఎట్లా పట్టుకుంటారు? 12 లక్షల దాకా పన్నే లేదు, రిటర్ను వేసే పని లేదని మా సెక్షన్‌లో అంటున్నారు. కడపలో నెట్ సెంటర్ ఆయనేమో 40 వేలు రీఫండ్ తెప్పిస్తా, పది శాతం నాకివ్వమంటున్నాడు. మా సీనియర్‌కు పోయినేడు తెప్పించాడట. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి డబ్బు సంగతి. తోట ఆయనది, కాయ ఆయనది, కాబట్టి ఆ రాబడి ఆయన వ్యవసాయ ఆదాయం. దానికి 1961 ఆదాయపన్ను చట్టం సెక్షన్ 10(1) కింద పన్ను లేదు. తండ్రి కూతురికిచ్చింది కానుక, ఎంతిచ్చినా సెక్షన్ 56 కింద మీకూ పన్ను పడదు. ఇక్కడిదాకా మీ ఆలోచన సరైనదే. అయితే ఆ డబ్బు ఎఫ్‌డీలో పడ్డాక వచ్చే వడ్డీకి తోటతో సంబంధం తెగిపోయింది. అది భూమి ఇచ్చింది కాదు, బ్యాంకు ఇచ్చింది. మేజరైన కూతురి పేరున ఉంది కాబట్టి ఆ 56 వేలు మీ ఆదాయమే, నాన్నగారిది కాదు. వడ్డీ ఏడాదికి 50 వేలు దాటితే బ్యాంకు 10 శాతం పట్టుకోవాలి, పట్టుకుంది. వాళ్ల తప్పేం లేదు.

ఖాతా నుంచి ఖాతాకు రావడం మీ అదృష్టం. అదే 8 లక్షలు సంచిలో తెచ్చి చేతికిచ్చి ఉంటే కథ వేరు. ఒకరి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని సెక్షన్ 269ఎస్‌టీ ఒప్పుకోదు. తీసుకున్నంతా జరిమానా కింద పోవచ్చు. నాన్న దగ్గరైనా అంతే. మన పల్లెల్లో ఈ మాట చెబితే నమ్మరు.

ఇక మీ లెక్క. నెలకు 62 వేలంటే ఏడాదికి 7,44,000. చేతికొచ్చేది కాదు, పీఎఫ్ కోత పడక ముందు అంకె చూడాలి. కంపెనీ ఇచ్చే జీతం, పన్ను పత్రం ఫారం 16లో అదే ఉంటుంది. రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ ఉండే కొత్త విధానంలో జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్, అంటే జీతంలోంచి నేరుగా తీసేసే మొత్తం. అది తీసేస్తే 6,69,000. వడ్డీ 56,000 కలిపితే 7,25,000. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. మిగిలిన 3,25,000కు 5 శాతం చొప్పున 16,250. ఆశ్చర్యపోకండి, పన్ను నిజంగానే పడింది. ఆదాయం 12 లక్షల్లోపు ఉంది కాబట్టి సెక్షన్ 87ఏ రిబేటు దాన్ని మాఫీ చేస్తుంది. కట్టాల్సింది సున్నా, పట్టుకున్న 5,600 వెనక్కి.

మీ సెక్షన్ వాళ్లు పొరబడింది ఇక్కడే. పన్ను పడని హద్దు 4 లక్షలు. 12 లక్షలనేది పడిన పన్ను మాఫీ అయ్యే హద్దు. ఆదాయం 4 లక్షలు దాటితే, మాఫీ అయినా కాకపోయినా, రిటర్ను వేయాల్సిందే. రిటర్ను వేస్తేనే ఆ 5,600 వచ్చేది కూడా.

స్లాబులు, అంటే ఆదాయం పెరిగేకొద్దీ రేటు మారే మెట్ల గురించి కూడా ఒక మాట. పై స్లాబులోకి పోతే మొత్తం జీతానికి ఆ రేటు పడుతుందని చాలామంది భయం, ఇంక్రిమెంటు వద్దనుకున్న వాళ్లను కూడా చూశాను. మీ తోటలో కాయ కోశాక పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప పోస్తారు కదా. ఏ కుప్ప ధర ఆ కుప్పకే. 4 నుంచి 8 లక్షల కుప్పకు 5 శాతం, 8 నుంచి 12 కుప్పకు 10, ఆ పైన 15... అట్లా 24 లక్షలు దాటిన భాగానికే 30.

నెట్ సెంటర్ ఆయన దగ్గరికొద్దాం. మీ నుంచి పట్టుకున్నది 5,600. అంతకు మించి పన్ను వెనక్కి రాదు, రీఫండంటేనే పట్టుకున్నది తిరిగివ్వడం. మరి 40 వేలు ఎక్కడి నుంచి తెస్తాడు? మీ సీనియర్‌కు జీతంలో పన్ను కోత పడి ఉంటుంది. ఇంటద్దె, బీమా లాంటివి తగ్గించుకోనిచ్చే పాత విధానం ఎంచుకుని, లేని ఇంటద్దె, కట్టని ఎల్ఐసీ ప్రీమియం చూపించి తెప్పించి ఉంటాడు. అదే జరిగితే అది తప్పుడు లెక్క. దొరికితే ఎగవేసిన పన్నుకు 200 శాతం జరిమానా, అంటే 40 వేలకు 80 వేలు. పన్ను, వడ్డీ దానికి అదనం. నోటీసు నెట్ సెంటర్‌కు పోదు, పాన్ ఎవరిదో వాళ్లకే వస్తుంది. నోటీసు రాకముందే తప్పు దిద్ది అప్‌డేటెడ్ రిటర్ను వేసుకునే దారి చట్టంలో ఉంది. ఆలస్యమయ్యేకొద్దీ అదనపు పన్ను పెరుగుతుందని మీ సీనియర్‌కు చెప్పండి.

ఇంకెవరైనా ‘8 లక్షలు నీ వ్యవసాయ ఆదాయమని చూపించు’ అన్నా ఒప్పుకోవద్దు. పాసుపుస్తకం, 1బీ, అడంగల్ లాంటి భూమి రికార్డులు నాన్న పేరున ఉంటే అడిగిన రోజు ఏం చూపిస్తారు?

మీకు సరిపోయే ఫారం ఐటీఆర్-1. ఆదాయపన్ను శాఖ పోర్టల్‌లో మీ పాన్‌తో లాగిన్ అయి, ముందు ఏఐఎస్ (మీ ఆదాయం, పట్టుకున్న పన్ను వివరాల పట్టిక) తెరిచి చూడండి. జీతం, ఎఫ్‌డీ వడ్డీ, పట్టుకున్న 5,600 అందులో కనిపించాలి. సేవింగ్స్ ఖాతా వడ్డీ వందల్లో ఉన్నా అదీ కలపండి. గడువు 2026 జూలై 31. దాటితే, మీ ఆదాయం 5 లక్షలకు పైన కాబట్టి, ఆలస్య రుసుము 5,000. మీకు రావాల్సిన 5,600లో చేతికి మిగిలేది 600. వేశాక 30 రోజుల్లోపు ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయాలి. చేయకపోతే ఆ రిటర్ను వేయనట్టే.

ఒక్క కాగితం మాత్రం రాయించుకోండి. ఫలానా తేదీన ఇంత డబ్బు నా కూతురికి కానుకగా ఇచ్చానని నాన్నగారు తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. కాయ అమ్మినప్పటి మండీ పట్టీలు ఇంట్లో ఏ డబ్బాలో ఉన్నాయో వెతికి దానికి జత చేయండి.