స్క్రీన్ మీద అంకెలు పోతే మీవాడు ఏం చేస్తాడు?

గాజువాక నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పైలట్ అవుతానంటాడు, రాత్రిళ్లు కంప్యూటర్లో ఫ్లైట్ సిమ్యులేటరే లోకం. ఫిజిక్స్ మాత్రం ముట్టుకోడు, విమానం అంతా కంప్యూటరే నడుపుతుంది కదా అంటాడు. ఒక ట్రైనింగ్ స్కూల్ వాళ్లు పెద్ద స్క్రీన్లున్న కొత్త విమానాలు చూపించి ఎక్కువ ఫీజు చెబుతున్నారు. చేర్చమంటారా?"

స్క్రీన్లు చూసి మాత్రం చేర్చకండి సార్.

2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 సంగతి మీవాడికి చెప్పండి. అట్లాంటిక్ మీద, వేగం కొలిచే పిటాట్ గొట్టాల్లో మంచు పలుకులు అడ్డుపడి స్క్రీన్ మీద వేగం తప్పుగా కనిపించింది, ఆటోపైలట్ నా వల్ల కాదని తప్పుకుంది. ఇంజన్లు బాగున్నాయి, రెక్కలు బాగున్నాయి. ముక్కు ఇంత కోణంలో, పవర్ ఇంత అని పెట్టి కాసేపు కదపకుండా ఉంటే సరిపోయేది. కానీ నడుపుతున్న కోపైలట్ స్టిక్ వెనక్కి లాగి ముక్కు పైకెత్తుతూనే ఉన్నాడు, విమానం స్టాల్ అయింది, హెచ్చరిక చాలాసేపు మోగింది, వేగం అంకెలు నిమిషంలోపే సరిగ్గా వచ్చినా అప్పటికి ఏది నమ్మాలో వాళ్లకు తెలియలేదు. నాలుగున్నర నిమిషాల్లోపే సముద్రంలో పడింది, 228 మంది పోయారు.

స్టాల్ అంటే ఇంజన్ ఆగడం కాదు. రెక్కకు గాలి తగిలే కోణం మరీ ఎక్కువై లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి నిలిపే బలం, పడిపోవడం. కిందకి పడుతుంటే చెయ్యి పైకే లాగుతుంది, కానీ అప్పుడు ముక్కు దించాలి. మీవాడు ముట్టుకోనంటున్న ఫిజిక్స్ ఇదే.

మన విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన పాత నేవీ విమానం టీయూ-142 చూసే ఉంటారు, అది ముళ్ల డయళ్ల కాలం నాటిది. ఒక ముల్లు అబద్ధం చెబితే పక్క ముళ్లతో పోల్చి పట్టుకోవడం అప్పటివాళ్లకు రోజువారీ పని. (పాత విమానాలూ కూలాయి లెండి, నేను వాటిని పొగడడం లేదు.)

స్కూల్ వాళ్లను ఒక్కటే అడగండి: లైసెన్సుకి కావాల్సిన 200 గంటల్లో మెయిన్ స్క్రీన్ ఆపేసి, పక్కనుండే చిన్న స్టాండ్‌బై మీటర్లతో ఎన్ని గంటలు నడిపిస్తారు? నీళ్లు నమిలితే వచ్చేయండి. ఫీజు కట్టేముందు మెడికల్ చేయించండి, అది మర్చిపోకండి.

ఈ రాత్రి మాత్రం మానిటర్ మీద వేగం కనిపించే చోట ఒక కాగితం ముక్క అంటించి, విమానం దించమనండి. ముక్కు ఎంత కోణంలో పెట్టాడో, పవర్ ఎంత పెట్టాడో రాసి నాకు పంపమనండి.