రొయ్యల గుంటల వల్ల ఊరు బాగుపడిందా?

రొయ్యల సాగు వచ్చాక నెల్లూరు తీర గ్రామాలు బాగుపడ్డాయా అని అడిగారు. గుంటలు తవ్వించినవారిలో కొందరు నిజంగానే బాగుపడ్డారు; ఊరు మాత్రం బాగుపడలేదని, కండలేరు క్రీకుకు దగ్గరలోని మా ఊరిని చూసి గట్టిగా చెప్పగలను.

మా మాగాణి పక్క చేలను బయటి ఊరి ఆసామి ఒకరు లీజుకు తీసుకుని గుంటలు తవ్వించారు. మరుసటి కారుకే మా నారుమడి గట్టు వెంబడి తెల్లగా చవుడు తేలింది. నారు జానెడు కూడా ఎదగకుండానే కొసలు ఎండి చుట్టుకుపోయింది. మా నాన్నగారు గట్టు వార ఊరిన నీటిని దోసిట పట్టి నోట పోసుకుని, ఉమ్మేసి, నేరుగా గుంటల కాపలా మనిషి దగ్గరకు నడిచారు. "నేను జీతగాణ్ణి పెద్దాయనా, నన్నడిగితే ఏం లాభం?" అన్నాడతను. చివరికి మా పొలాన్నీ లీజుకే ఇవ్వవలసి వచ్చింది, ఎందుకంటే చవుడు తేలిన మడిని వరికి అడిగేవారు లేరు. రైతులు ఇష్టపడి మార్చుకున్నారని చెప్పే భూముల్లో ఇలాంటివే ఎక్కువని నా నమ్మకం.

నాట్లకూ కలుపులకూ వెళ్లే ఆడవాళ్లకు పని పోయింది. మేత చల్లడానికీ గుంట నీటికి గాలి అందించే ఏరేటర్లు చూసుకోవడానికీ ఒకరిద్దరు చాలు. బోర్లు ఉప్పెక్కాక క్యాను నీళ్లు కొనుక్కుంటున్నదీ ఆ కూలి ఇళ్లవారే.

సాగుభూములను రొయ్యల గుంటలుగా మార్చరాదని 1996 డిసెంబరు 11న, తీరంలో రొయ్యల సాగుపై నడిచిన జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అప్పట్లో టైగర్ రొయ్యకు ఉప్పునీరు కావాలి కనుక గుంటలు ఎక్కువగా క్రీకుల వెంబడే ఉండేవి. 2009లో అనుమతి పొందిన వెనామీ అనే మరో రకం రొయ్య తక్కువ ఉప్పు నీటిలోనూ పెరుగుతుంది కాబట్టి మాగాణి లోపలికి వచ్చేసింది. పైగా ఒక గుంటకు తెల్లమచ్చ అనే వైరస్ తెగులు తగిలితే ఆ నీటిని రాత్రికి రాత్రి కాలువలోకి వదిలేస్తారు. దిగువవారు అదే కాలువ నుంచి తోడుకుని వారూ నష్టపోతారు. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ప్రకారం రొయ్యకు ఇచ్చే ధర పడిపోయినంత తేలికగా మేత ధర తగ్గదు కదా, ఆ అప్పు కూడా ఊరిలోనే మిగులుతుంది.

నన్నడిగితే, చుట్టుపక్కల పొలాల రైతుల సమ్మతి లేకుండా ఏ గుంటకూ అనుమతి ఇవ్వకూడదు. మడిని తిరిగి వరికి పనికివచ్చేలా చేయడానికి అయ్యే ఖర్చును లీజుదారు చేత ముందుగానే జమ చేయించాలి.