మయసభలో మడుగు ఎక్కడుంది?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. పోటీకి మయసభ దుర్యోధనుడి ఏకపాత్రాభినయం చేస్తున్నాడు. గడువు 5 నిమిషాలు. డైలాగులు గడగడా వచ్చేశాయి, గొంతూ గట్టిదే. అయినా పాఠం అప్పజెప్పినట్టే ఉంది. తేడా ఎక్కడ?

జవాబు: మడుగు ఎక్కడుందో చూపించమని అబ్బాయిని అడగండి. తడుముకున్నాడంటే తేడా అక్కడే ఉంది. ఏకపాత్రలో సెట్టింగు ఉండదు. నటుడి చూపు ఎక్కడ నిలిస్తే ప్రేక్షకుడికి అక్కడే వస్తువు కనిపిస్తుంది. ఇంట్లో నేల మీద సుద్దముక్కతో గీయండి: స్ఫటికపు నేల ఎడమవైపు, మడుగు కుడివైపు. నవ్వేవాళ్లను ప్రేక్షకుల తలలకు కాస్త పైన ఊహించుకోమనండి. వాళ్లను వింగు (వేదిక పక్క తెర) వైపు పెడితే అబ్బాయి మొహం సగమే కనిపిస్తుంది. నాలుగు రోజులు గీతల మీద చేయించి, తర్వాత చెరిపేయండి. ఇందాక పడిన మడుగు మీదుగానే చివర్లో దర్జాగా నడిచి వెళ్లాడా, అంతే సంగతులు.

ఇక భావాల వరస. నేలను నీళ్లనుకుని బట్టలు ఎత్తిపట్టుకోవడం, నీళ్లను నేలనుకుని పడటం, మూసిన తలుపును తెరిచి ఉందనుకుని తల కొట్టుకోవడం. పిల్లలు మొదటి దానికే కోపం తెచ్చుకుంటారు. ముందు అబ్బురం, తర్వాత సిగ్గు. కోపం నవ్వు వినపడ్డాకే. తొలి నిమిషంలోనే గొంతు పైస్థాయికి ఎక్కితే చివరికి మిగిలేది బొంగురే.

స్క్రిప్టు 350 మాటలు దాటనివ్వకండి. పడటానికీ లేవడానికీ సమయం పోతుంది. ఇంట్లో నాలుగున్నర నిమిషాలకే ముగియాలి. వేదిక మీద చప్పట్లు పడితే ఆగాల్సి వస్తుంది. ఇంకొకటి, మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఊపిరి చాలక ‘మరువను’లో ‘ను’ మింగేస్తే శపథమే పోతుంది! ఊపిరి తీసుకునే చోట్ల పెన్సిలుతో గీత పెట్టించండి, సమాసం మధ్యలో మాత్రం కాదు.

ప్రశ్న: ఎదుటివాళ్ల మాటలు ప్రేక్షకులకు తెలిసేదెలా? ‘ఏమిటీ, వెళ్లిపొమ్మంటావా?’ అని తిరిగి అనిపిస్తున్నాం.

జవాబు: ఒకసారికి ఫర్వాలేదు. మూడోసారికి ఫోను సంభాషణ అయిపోతుంది. రెండు సెకన్లు విననివ్వండి, మొహం మారనివ్వండి, ఆ తర్వాతే జవాబు. వినేటప్పుడు పెదవులు కదపకూడదు.

ప్రశ్న: వేషం, గద విషయంలో జాగ్రత్తలు?

జవాబు: కిరీటం లోపల స్పాంజి అతికించి, వెనక ఎలాస్టిక్ కట్టండి. కనీసం రెండు రిహార్సల్స్ పూర్తి వేషంతోనే జరగాలి. గద అట్టదైతే చాలు, కానీ బరువైనదాన్ని ఎత్తినట్టు భుజం కనిపించాలి. పడే ముందు దాన్ని ఎడమచేతికి మార్చుకోవాలి. పడేటప్పుడు మోకాళ్లు వంచి తొడ పక్కగా జారాలి. అరచెయ్యి వెనక్కి ఆనిస్తే మణికట్టు బెణుకుతుంది. స్టాండు మైకు ఇస్తే కింద పడినప్పుడు అన్న మాట ఎవరికీ వినపడదు. ఆ డైలాగును లేచి మైకు ముందుకు వచ్చాక పెట్టుకోండి.