రాతియుగం కారు మూల తిరగనంటోంది!

ప్రశ్న: ‘ఫ్లింట్‌స్టోన్స్’ కార్టూన్‌లో కాళ్లతో తోసుకుపోయే కారును స్కూలు వార్షికోత్సవం కోసం తయారుచేశాం. రోలర్లుగా 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు పెట్టాం. తిన్నగా పోతుంది, మలుపు దగ్గర మొరాయిస్తుంది. రాతి రంగు కూడా పెచ్చులూడుతోంది.
– డ్రాయింగ్ మాస్టారు, కాకినాడ

జవాబు: 1960లో ఆ బండిని గీసినవాళ్లకు మలుపుల బెడద లేదు, మీకు ఉంది. మీ డ్రమ్ము పొడవు దాదాపు 88 సెం.మీ. అది 90 డిగ్రీలు తిరగాలంటే బయటి అంచు లోపలి అంచుకన్నా 138 సెం.మీ. ఎక్కువ దొర్లాలి. మలుపు ఎంత వెడల్పుగా తీసుకున్నా ఈ తేడా తగ్గదు. డ్రమ్ము ఒకే ముక్క కాబట్టి ఆ దూరమంతా నేలమీద రాసుకుంటూ పోతుంది.

రెండు డ్రమ్ములనూ నడిమికి కోయండి. కోసిన వైపు 18 మి.మీ. ప్లైవుడ్ బిళ్ల బిగించండి, మూసి ఉన్న వైపు లోపల కూడా అలాంటిదే ఒకటి. ప్రతి బిళ్లకూ 25 మి.మీ. ఫ్లాంజ్ బేరింగ్ (బోల్టులతో బిగించే అంచు ఉన్న బేరింగ్), మొత్తం ఎనిమిది. ఇరుసులు రెండూ తిరగకూడదు, వాటిమీద నాలుగు సగాలూ దేనికది తిరగాలి. ఇరుసును డ్రమ్ముతో కలిపి వెల్డింగ్ చేయిస్తే మళ్లీ మొదటికే వస్తారు.

ముందు రోలర్‌కు పైనుంచి గుర్రపునాడా ఆకారంలో ఫ్రేము, దాని నడుమ నిలువు పిన్ను. అటూ ఇటూ 15 డిగ్రీలు దాటకుండా అడ్డు బోల్టులు పెట్టండి. అంతమాత్రం తిరిగినా డ్రమ్ము మూలలు పక్క దూలాలకు కొట్టుకుంటాయి, అందుకే దూలాల మధ్య 110 సెం.మీ. ఖాళీ ఉండాలి. బరువు మోసేది 40 మి.మీ. చదరపు ఇనుప గొట్టం. దానిమీద చీల్చిన 110 మి.మీ. పీవీసీ పైపు తొడిగితే దుంగలా కనిపిస్తుంది. బెరడు గీతలకు వైరు బ్రష్షు చాలు, పైపును మాత్రం కాల్చకండి. ఆ పొగ విషం.

ఇక రంగు. ఈ ప్లాస్టిక్‌కు మామూలు రంగులూ, జిగురులూ సరిగా పట్టవు. గోనెగుడ్డను వాషర్లు వేసి స్క్రూలతో బిగించి, దానిమీద ఫెవికాల్, సుద్దపొడి కలిపిన ముద్ద పూయండి. ఆరాక ఆయిల్ పెయింట్ రెండు కోట్లు, లేకుంటే ఒక్క వానకే కరుగుతుంది. పూత నేలకు తగలకుండా ప్రతి సగానికీ రెండు అంచుల్లో పాత టైరు పట్టీలు బోల్టులతో బిగించండి.

మీరు అడగకపోయినా ఒక మాట: పిల్లల మడమల వెనకే వెనక రోలర్ ఉంటుంది. దానికి 30 సెం.మీ. ముందు, నేలకు 3 సెం.మీ. ఎత్తులో అడ్డుపలక తప్పనిసరి. పల్లంలో కాళ్లతో ఆపడం కార్టూన్‌లోనే కుదురుతుంది. వెనక తాడు పట్టుకుని ఇద్దరు పెద్దవాళ్లు నడవాలి.

ప్రశ్న: ఇలాంటి బండికి మోటారు పెట్టి రోడ్డెక్కించవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కుదరదు. మోటారు వాహనాల చట్టం (1988) 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని మోటారు బండి రోడ్డుమీదికి రాకూడదు. ఇంట్లో చేసిన బండికి అది దొరకడం కష్టం. మోటారు లేకుండా మైదానంలో నడుపుకోండి. వింత ఆకారాల కింద చక్రాలు ఎలా దాస్తారో చూడాలంటే హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియానికి వెళ్లి, వంగి కిందినుంచి చూడండి.