మూడూ బిస్కట్ కలరే, ఏది వేయించాలి?

ప్రశ్న: మాది విజయవాడలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అండి. హాలుకి బిస్కట్ కలర్ వేయిద్దామని షేడ్ కార్డులో మూడు ఏరి పెట్టుకున్నాం, నాకైతే మూడూ ఒకేలా ఉన్నాయి, మా వారేమో ఒకటి గులాబీ కొడుతోంది అంటారు, మా అత్తయ్యగారు ఇంకోటి మట్టిగా ఉందంటారు, పెయింటర్‌ని అడిగితే ఏదేసినా ఒకటేనమ్మా గోడకెక్కాక తేడా తెలీదు అన్నాడు. కింద ఐవరీ టైల్స్, టేకు తలుపులు, ఉత్తరం వైపు ఒక్కటే కిటికీ, రాత్రి తెల్ల ట్యూబ్‌లైటు. ఏది వేయించమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ వారు చూసిందీ నిజమే, మీ అత్తయ్యగారు చూసిందీ నిజమే అమ్మా. పెయింటర్ మాట మాత్రం వినకండి, ఎందుకంటే గోడకెక్కాకే తేడా ఎక్కువ తెలుస్తుంది. ఒక గోడ మీద పడ్డ వెలుగు ఎదురు గోడకి కొట్టి మళ్ళీ వెనక్కి వస్తుంది, అలా తిరిగినప్పుడల్లా రంగు ఇంకాస్త చిక్కగా కనిపిస్తుంది, అందుకే చిన్న కార్డు ముక్క మీద కంటికి ఆనని గులాబీ ఛాయ హాలంతా వేశాక కొట్టొచ్చినట్టు ఉంటుంది.

అసలు ఈ రంగులు ఎలా తయారవుతాయో చూస్తే మీకే అర్థమైపోతుంది. షాపులో మెషిన్ కింద తెల్ల బేస్ డబ్బా పెడతారు, అందులోకి ఎక్కువగా పడేవి పసుపు ఆక్సైడ్, ఎర్ర ఆక్సైడ్, నలుపు, అంతే. ఎర్రది కాస్త ఎక్కువ పడిందా గులాబీ వైపు పోతుంది, పసుపులో నలుపు ఎక్కువైతే కాస్త ఆకుపచ్చ ఛాయతో మట్టిగా అవుతుంది (మీ అత్తయ్యగారికి కనిపించింది అదే అయ్యుంటుంది), పసుపు ముందుండి మిగతావి తక్కువ పడితే మీగడ రంగు వస్తుంది. కార్డులో పక్కపక్కనే ఉన్నాయి కదా అని మూడూ ఒకటే అనుకోకూడదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ప్రింటర్‌లో పెట్టే తెల్ల కాగితం ఒకటి తీసుకుని దాని మీద ఒక్కో షేడ్ ముక్క పెట్టి చూడండి, తెలుపు పక్కన పెట్టగానే ఏది గులాబీయో ఏది పసుపో దాగదు. తర్వాత అదే కాగితం మీ టైల్ మీద పెట్టండి, ఇది మాత్రం తప్పకుండా చెయ్యండి. ఐవరీ టైల్స్ అన్నీ ఒక్కటి కాదు, కొన్ని పసుపు మీద ఉంటాయి కొన్ని గులాబీ మీద ఉంటాయి. గోడ రంగు నాలుగైదేళ్ళకి మార్చుకుంటాం, టైల్స్ మార్చం కదా, అందుకే టైల్ ఎటు ఉంటే గోడ కూడా అటే ఉండాలి. పసుపు ఐవరీ పక్కన గులాబీ బీజ్ (బీజ్ అంటే ఈ బిస్కట్ రంగే) వేస్తే ఆ గులాబీ ఇంకా రెచ్చిపోతుంది, పైగా నేల మాసినట్టు కనిపిస్తుంది.

ఇక వెలుతురు. ఉత్తరపు కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ నేరుగా రాదు, ఆకాశం వెలుగే వస్తుంది, అందులో నీలం ఛాయ ఎక్కువ. మన ప్రాంతంలో మే నుంచి ఆగస్టు మొదట్లో దాకా మధ్యాహ్నం కూడా సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు కాబట్టి అప్పుడు కొంచెం మార్పు ఉంటుంది గానీ మిగతా నెలలన్నీ ఇంతే. మీ ట్యూబ్‌లైటు బాక్స్ మీద 6500 కెల్విన్ (వెలుగు పసుపు వైపో నీలం వైపో చెప్పే కొలత) అని ఉంటే అది కూడా నీలం తెలుపే. అంటే పొద్దున్నా రాత్రీ మీ హాలుకి చల్లటి వెలుగే, ఈ వెలుగులో మట్టి ఛాయ ఉన్న షేడ్ బూడిదగా దిగులుగా తేలిపోతుంది. మీ టైల్స్ పసుపు ఐవరీ అయితే నా ఓటు మీగడ రంగు ఉన్నదానికే, అందులోనూ లేతదానికి. టేకు తలుపులు కూడా దాని పక్కన బాగా నిలుస్తాయి.

కానీ నా మాట మీద డబ్బాలు కొనెయ్యకండి. మీ పెయింటర్‌తో దళసరి చార్ట్ మీదో ప్లైవుడ్ ముక్క మీదో అంచుల దాకా రెండు కోటింగులు వేయించండి, పాత గోడ మీదే వేస్తే పాత రంగు కన్నుని మోసం చేస్తుంది, లేత ఆకుపచ్చ గోడ మధ్యలో ఏ బీజ్ అయినా గులాబీగానే కనపడుతుంది. తడి మీద నిర్ణయం చెయ్యొద్దు, ఎమల్షన్ ఆరాక కాస్త ముదురుతుంది. మర్నాడు గోడకి నిలబెట్టి, కింద టైల్‌కి ఆనించి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి ట్యూబ్‌లైటు వేసి ఒకసారి చూడండి, ఒక్కో ముక్క విడిగా చూడండి, మూడూ పక్కపక్కన పెడితే మళ్ళీ తేడాల లెక్కలే తప్ప ఏది బాగుందో తేలదు. మీరు హాల్లో ఎక్కువసేపు ఉండేది రాత్రిపూట అయితే రాత్రి బాగున్నదే తీసుకోండి.

ప్రశ్న: మేం ఆల్రెడీ వేయించేశాం సార్, పగలు బాగానే ఉంటుంది, రాత్రి బెడ్‌రూమ్ మొత్తం పీచ్ కలర్ లాగా అయిపోతోంది. మళ్ళీ పెయింట్ వేయించాల్సిందేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు బల్బు మార్చి చూడండి. మీది వార్మ్ వైట్, అంటే 3000 కెల్విన్ దగ్గరది అయ్యుంటుంది, దాని బదులు 4000 ఉన్న న్యూట్రల్ వైట్ పెట్టండి. బాక్స్ మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది, అది 80 కన్నా ఎంత ఎక్కువుంటే రంగులు అంత నిజంగా కనిపిస్తాయి, 90 దొరికితే మరీ మంచిది. కర్టెన్లు మెరూనో ఎరుపో అయితే వాటి రంగు కూడా గోడ మీద పడుతుంది, ఒక రాత్రి తీసేసి చూడండి. ఈ రెండూ చేసినా పోకపోతే అప్పుడు పెయింట్ గురించి ఆలోచిద్దాం.

ప్రశ్న: అదే షేడ్ వేరే కంపెనీలో కలిపించుకుంటే రేటు తగ్గుతుందంటున్నారు, చెయ్యొచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఇల్లంతా కొత్తగా వేసేటప్పుడైతే చెయ్యొచ్చు, కానీ అచ్చంగా అదే రాదు, కంపెనీకో బేస్, మెరుపు కూడా వేరు, బీజ్ లాంటి లేత రంగుల్లో ఆ కాస్త తేడా కూడా బయటపడిపోతుంది. అందుకే వాళ్ళు కలిపింది కూడా ముక్క మీద వేయించి చూశాకే ఒప్పుకోండి. టచప్‌కి మాత్రం వద్దు, మచ్చలా కనిపిస్తుంది. మంచి ఎమల్షన్ రెండు కోటింగులకి లీటరుకి ఇంచుమించు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది, గోడ నునుపుని బట్టి, ఆ లెక్కన మొత్తం ఒకేసారి కొని, డబ్బాలన్నీ పెద్ద బకెట్‌లో కలిపేసి అప్పుడు మొదలుపెట్టమనండి. మూత మీద షేడ్ నంబరు స్టిక్కర్ ఉంటుంది, దానికి ఫోటో తీసి పెట్టుకోండి, మిగిలిన పెయింట్ గట్టిగా మూతపెట్టి ఎండ తగలని చోట దాచండి.