కేకు కుంగితే ఇంకో స్పూను బేకింగ్ పౌడర్ వేయకండి

సెలవులు మొదలయ్యాయి, పిల్లలు ఇంట్లో ఉన్నారు, అటకెక్కిన ఓవెన్లు కిందికి దిగాయి. ఈ నెల ఉత్తరాలు దాదాపు అన్నీ కేకులూ మఫిన్ల గురించే. చాలామంది కొలతలు మార్చి మార్చి విసిగిపోయామని రాశారు. నా మాట ఒక్కటే. కొలతల జోలికి వెళ్లేముందు మీ ఓవెన్ వేడి, మీ బటర్ మెత్తదనం, మీ వంటింటి ఉక్క, ఈ మూడూ చూసుకోండి. మా రాజమండ్రిలో నా దగ్గర నేర్చుకునే అమ్మాయిలకి మొదటిరోజు చెప్పేదీ ఇదే.

కేకు ఓవెన్‌లో ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా పొంగుతుంది. బయటికి తీశాక నడుమ గుంట పడుతోంది. బేకింగ్ పౌడర్ చాలలేదేమోనని ఒక స్పూను పెంచాను. ఇంకా ఎక్కువ కుంగింది. ఏం చేయను?
— ఒక గృహిణి, తణుకు

పెంచిన ఆ స్పూను ముందు తీసేయండమ్మా. బేకింగ్ పౌడర్ కొత్త బుడగల్ని పుట్టించదు. మీరు గిలకొట్టినప్పుడు పిండిలో చేరిన గాలి బుడగల్నే ఉబ్బిస్తుంది. అది ఎక్కువైతే బుడగలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, చుట్టూ ఉన్న పిండీ గుడ్డూ ఉడికి గట్టిపడేలోపే పగిలిపోతాయి. అప్పుడు నడుమ కూలిపోక తప్పదు. 100 నుంచి 125 గ్రాముల మైదాకి ఒక టీస్పూను చాలు. అదీ గోపురంలా కాదు, చాకు వెనకవైపుతో గీసి చదును చేసిన స్పూను.

ఈసారి కుంగినప్పుడు కేకుని పారేయకుండా నిలువునా కోసి, ముక్కని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూడండి. నడుమ భాగం తడిగా, నొక్కితే వేలికి అంటుకుంటూ, అడుగున గంజి గడ్డకట్టినట్టు ఒక చార కనిపిస్తే అది పూర్తిగా ఉడకలేదు. తడి లేకుండా పెద్ద పెద్ద కన్నాలతో, పొడిపొడిగా రాలుతూ ఉంటే పౌడర్ ఎక్కువైంది. నాలుక మీద సబ్బు రుచి తగిలితే సోడా ఎక్కువైంది. ఈ మూడింటికీ మందు వేరు వేరు. ఏదో తెలియకుండా కొలత మారిస్తే ఎప్పటికీ కుదరదు.

ఉడకలేదని తేలితే అనుమానం ఓవెన్ మీదే. చిన్న ఓటీజీల్లో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్లలో) చాలావాటికి డయల్ 180 దగ్గర పెడితే లోపల అంత వేడి ఉండదు, లేదా అంతకు మించిపోతుంది. ఓవెన్‌లో పెట్టుకునే థర్మామీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. కొత్త టిన్నులూ అచ్చులూ కొనేముందు అది కొనండి. పిండి కలపడానికి పావుగంట ముందే ఓవెన్ వెలిగించండి. 40 నిమిషాల కేకైతే మొదటి అరగంట తలుపు ముట్టుకోవద్దు. వాసన ఊరిస్తుంది, నిజమే. అయినా ఆగాలి.

ఈ కాలంలో ఇంకో బెడద కరెంటు. ఓటీజీ లాగే కరెంటుకి మామూలు ఇన్వర్టర్ చాలదు. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకుండా అలాగే ఉంచండి. అయిదు పది నిమిషాల్లో వచ్చేస్తే లోపలి వేడి నిలుస్తుంది, ఆ తర్వాత ఇంకొంచెంసేపు ఎక్కువ ఉంచితే సరిపోతుంది.

బటరూ పంచదారా గిలకొడితే పుస్తకాల్లో చెప్పినట్టు తెల్లగా, నురగలా రావడం లేదు. నూనె తేలుతోంది. గుడ్లు వేయగానే విరిగిపోతోంది. చలికాలంలో ఇలా అయ్యేది కాదు.
— ఒక టీచరు, విజయవాడ

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది టీచరుగారూ. పుస్తకాల్లో "గది వేడిమిలో ఉన్న బటర్" అని రాస్తారు. ఆ మాట రాసినవాళ్ల గది 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో బెజవాడ వంటింట్లో స్టవ్వు వెలిగించకముందే ఎంత ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. బటర్ 32, 35 డిగ్రీలకే కరిగిపోతుంది. కరిగిన బటర్ గాలిని పట్టి ఉంచలేదు, ఎంతసేపు గిలకొట్టినా చేతినొప్పే మిగులుతుంది.

కాబట్టి ఎండాకాలంలో బటర్‌ని ముందుగా బయట పెట్టొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసి చిన్న ముక్కలుగా కోసి నేరుగా గిన్నెలో వేసి బీటర్ పెట్టండి. మన పంచదార పలుకులు లావు, అందుకని మిక్సీలో రెండు తిప్పులు తిప్పి వేయండి. మరీ పిండిలా వద్దు, సన్న రవ్వలా ఉండాలి. ఆ పలుకుల అంచులే బటర్‌లోకి గాలిని లాక్కెళ్తాయి. మొదట గరగరమని ముద్దగా తిరుగుతుంది. తర్వాత గిన్నె అంచులకి అంటుకుంటూ మెత్తబడుతుంది. పసుపురంగు తగ్గి మీగడ రంగుకి, ఇంకొంచెంసేపటికి పాలిపోయిన తెలుపుకి వస్తుంది. స్పూనుతో తీసి ఒంపితే జారకుండా నిలబడాలి. అక్కడ ఆపేయండి. గిన్నె అంచున నిగనిగలాడే నూనె మెరుపు కనిపించిందంటే వెంటనే గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పది, పదిహేను నిమిషాలు పెట్టి మళ్లీ గిలకొట్టండి. పోయిందనుకున్నది తిరిగి వస్తుంది.

గుడ్లు కూడా ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట బయట ఉంచితే చాలు. ఒక్కొక్కటే వేస్తూ, ప్రతిదీ పూర్తిగా కలిశాకే రెండోది. విరుగుతున్నట్టు కనిపిస్తే కొలిచి పెట్టిన మైదాలోంచే ఒక స్పూను వేయండి, కలిసిపోతుంది. కొలత అంటారా, బటర్, పంచదార, మైదా తలా 200 గ్రాములు, గుడ్లు నాలుగు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను. పెంకు తీసిన గుడ్డు 50 గ్రాములు ఉంటుంది కనుక అన్నీ సమపాళ్లే. ఏడంగుళాల టిన్నులో, 170 డిగ్రీల దగ్గర, 45 నుంచి 55 నిమిషాలు. ఉప్పు కలిసిన బటరైతే వేరే ఉప్పు వేయకండి.

మా తోటలో చక్కరకేళి గెలలు దిగాయి. మిగలపండిన పళ్లతో మఫిన్లు చేస్తే పైన కొండలా మొన తేలి, లోపల సొరంగాల్లాంటి కన్నాలతో రబ్బరులా సాగుతున్నాయి.
— ఒక రైతు కోడలు, రావులపాలెం దగ్గర

చక్కరకేళితో మఫిన్! ఆ పండు వాసనకి ఎసెన్స్ సీసా మూత కూడా తీయక్కర్లేదు. తొక్క నల్లబడిన పళ్లే తీసుకోండి, అప్పుడే తీపీ వాసనా పూర్తిగా దిగుతాయి.

మీరు పిండిని ఎక్కువ కలుపుతున్నారు. మైదాకి తడి తగిలాక కలిపేకొద్దీ అందులో జిగురు పెరుగుతుంది. పరోటాకి ఆ జిగురు కావాలి, మఫిన్‌కి అదే చేటు. బీటర్ పక్కన పెట్టేయండి. ఒక గిన్నెలో 180 గ్రాముల మైదా, అర టీస్పూను బేకింగ్ పౌడర్, అర టీస్పూను వంట సోడా, చిటికెడు ఉప్పు జల్లించండి. ఇంకో గిన్నెలో మెదిపిన పండు 250 గ్రాములు, పంచదార 100 గ్రాములు, ఒక గుడ్డు, 80 మిల్లీలీటర్ల సన్‌ఫ్లవర్ నూనె, నాలుగు పెద్ద చెంచాల (టేబుల్ స్పూన్ల) పెరుగు కలపండి. తడిది పొడిదాంట్లో పోసి, గరిటెతో అడుగునుంచి పైకి పది పన్నెండు సార్లు తిప్పి ఆపేయండి. అక్కడక్కడా చిన్న ఉండలు కనిపిస్తాయి. ఉండనివ్వండి, అవి లోపల ఉడికి కలిసిపోతాయి. ఉండల్లేకుండా చేద్దామన్న పట్టుదల దోశల పిండికి దాచుకోండి.

కలిపిన వెంటనే కాగితం కప్పుల్లో మూడొంతులు నింపి, 200 డిగ్రీల దగ్గర ఆరేడు నిమిషాలు, తర్వాత 180కి తగ్గించి ఇంకో 12 నుంచి 15 నిమిషాలు ఉంచండి. పెరుగు పులుపుకి సోడా వెంటనే పని మొదలుపెడుతుంది, అందుకే పిండిని గిన్నెలో నిలవ ఉంచకూడదు.

మా అమ్మ పుట్టినరోజుకు నేనే కేకు చేద్దామనుకుంటున్న. ఇంట్ల ఓవెన్ లేదు. కుక్కర్ల చేయొచ్చా? చక్కెర ఎంత వెయ్యాలె?
— సెలవులకు ఇంటికొచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థి, కరీంనగర్

తప్పకుండా చేయొచ్చు బాబూ. అయితే రోజూ పప్పు ఉడికించుకునే కుక్కర్‌ని నీళ్లు లేకుండా ముప్పావుగంట మంట మీద పెడితే అడుగు పాడవుతుంది. మూతపెట్టే వీలున్న మందపాటి పాత గిన్నె గానీ ఇనుప మూకుడు గానీ ఇంట్లో ఉంటే అదే తీసుకో. కుక్కరే దిక్కయితే మూతకున్న రబ్బరూ విజిలూ రెండూ తీసేయాలి. ఇది మర్చిపోవద్దు. అడుగున అంగుళం మందాన ఉప్పో ఇసుకో పరిచి, పైన స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచెయ్యి. తర్వాత సగానికి నింపిన కేకు గిన్నె దించి, మంట పూర్తిగా తగ్గించి 45, 50 నిమిషాలు ఉంచు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. వేడి కిందినుంచే వస్తుంది కనుక పైన ఎర్రబడదు. రంగు కోసం ఎక్కువసేపు ఉంచితే అడుగు మాడుతుంది. చక్కెర కొలత కింది జవాబులో ఉంది, ఆ కేకే నీకు సులువు.

మా అత్తగారు గుడ్డు ముట్టరు. ఆవిడ కూడా తినేలా కేకు చెప్పండి. కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా కొనకుండా.
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

పెరుగుతో చేయండి. గడ్డ పెరుగు ఒక కప్పు, అంటే 250 గ్రాములు. మరీ పులిసింది వద్దు. అందులో 150 గ్రాముల చక్కెర కరిగేదాకా కలిపి, అర టీస్పూను సోడా, ఒకటింపావు టీస్పూను బేకింగ్ పౌడర్ వేసి అయిదు నిమిషాలు వదిలేయండి. గిన్నెలోకి తొంగిచూస్తే పెరుగు మీద బుడగలు లేచి, పెరుగంతా ఉబ్బుతూ పైకి వస్తుంటుంది. బుడగలు రాకపోతే మీ సోడా పాతది, కేకు పొంగదు, అక్కడే ఆపి కొత్త ప్యాకెట్ తెప్పించుకోండి. వస్తే అర కప్పు నూనె, వెనిల్లా గానీ యాలకుల పొడి గానీ, జల్లించిన 190 గ్రాముల మైదా కలిపి ఓవెన్‌లో పెట్టండి. 200 దగ్గర పది నిమిషాలు, 175 దగ్గర ఇంకో అరగంట. వేడిమీద కోయకండి. గుడ్డు లేని కేకు పూర్తిగా చల్లారాకే నిలబడుతుంది.

మైక్రోవేవ్‌లో స్టీలు టిన్ను పెట్టొచ్చా?
— విశాఖపట్నం

కన్వెక్షన్ మోడ్‌లో అయితే పెట్టొచ్చు. మైక్రో మోడ్‌లో వద్దు, నిప్పురవ్వలు లేస్తాయి. కన్వెక్షన్‌లో ఫ్యాను తిరుగుతుంది కనుక ఓటీజీ కొలతకంటే 20 డిగ్రీలు తగ్గించుకోండి.

గుంటూరులో మా అమ్మ చేసే కేకు ఇక్కడ అదే కొలతతో చేస్తే పొంగి కుంగిపోతోంది, పైగా గట్టిగా ఎండినట్టు ఉంటోంది. ఫోనులో అమ్మ చెప్తుంటే చూసి మరీ చేశాను.
— డెన్వర్, అమెరికా

మీ చేతిలోనూ లోపం లేదు, అమ్మగారి కొలతలోనూ లేదు. గుంటూరు సముద్రమట్టానికి ఎంతో ఎత్తులో లేదు. మీ డెన్వర్ 5,280 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కావడంతో బుడగలు త్వరగా ఉబ్బి పగిలిపోతాయి. నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి, తడి త్వరగా ఆరిపోతుంది. అమ్మగారు ఒక టీస్పూను బేకింగ్ పౌడర్ చెప్తే మీరు ముప్పావు వేయండి. కప్పు పాలకి రెండు మూడు పెద్ద చెంచాలు అదనంగా పోయండి. పంచదార కప్పుకి ఒక పెద్ద చెంచా తగ్గించండి. ఓవెన్ వేడి 15 ఫారెన్‌హీట్ డిగ్రీలు పెంచి, అయిదు నిమిషాల ముందే పుల్ల గుచ్చి చూడండి. అక్కడ మైదాలా వాడే ఆల్ పర్పస్ ఫ్లోర్‌లో కొన్ని రకాలకి మన మైదాకంటే జిగురు ఎక్కువ. జిగురు తక్కువుండే కేక్ ఫ్లోర్ అనే పిండి సగం కలిపితే అమ్మ కేకు మెత్తదనానికి దగ్గరగా వస్తుంది.

పాపకి రాగిపిండీ బెల్లంతో మఫిన్లు చేస్తే విరిగిపోతున్నాయి.
— మహబూబ్‌నగర్

రాగిలో జిగురు లేదు, ఒక్కదానితో నిలబడదు. సగం గోధుమపిండి కలపండి. బెల్లాన్ని కొంచెం నీళ్లలో కరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లారాక పోయండి. వడకట్టకపోతే ఇసుక పంటికింద తగులుతుంది.

చుట్టుపక్కలవాళ్లు మఫిన్లు చేసిపెట్టమని అడుగుతున్నారు. ఇంటినుంచి అమ్మొచ్చా? ధర ఎలా కట్టాలి?
— అనకాపల్లి

మంచి ఆలోచన, మొదలుపెట్టండి. ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఇంటినుంచి అమ్మినా అది ఉండాలి. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయొచ్చు. వాళ్లిచ్చే 14 అంకెల నంబరు డబ్బా మీద వేయండి. గుడ్డు ఉన్నదీ లేనిదీ స్పష్టంగా రాయండి, రెంటికీ గరిటెలూ టిన్నులూ విడిగా పెట్టుకోండి. గుడ్డు తినని ఇంటివాళ్లు మిమ్మల్ని నమ్మి కొంటారు.

ధర కట్టేటప్పుడు మైదా, పంచదారతో ఆపేయకండి. కాగితం కప్పులు, డబ్బా, కరెంటు, మాడిపోయినవి, మీరు నిలబడ్డ గంటలు, అన్నీ లెక్క వేయండి. మన ఆడవాళ్లు ఆ చివరిది ఎప్పుడూ వదిలేస్తారు, నాకు బాధగా ఉంటుంది. అరటిపండు మఫిన్లు ఈ ఎండల్లో ఒకరోజే బయట ఉంటాయి, రెండోరోజుకి ఫ్రిజ్‌లో పెట్టుకోమని కొన్నవాళ్లకి చెప్పండి. క్రీము కేకులకి మాత్రం వానలు పడి ఎండ తగ్గేదాకా ఆర్డర్లు ఒప్పుకోకండి.