జూబా వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

దక్షిణ సూడాన్‌లో ఉద్యోగం వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. సంతోషం. సహాయ నిధుల పని గురించి నాకు తెలిసిందంతా అఫ్గానిస్తాన్‌దే కాబట్టి అక్కడి సంగతులే రాస్తున్నాను.

చేరిన మర్నాటి నుంచి నిన్ను అందరూ అడిగేది "ఎంత ఖర్చయింది?" అని. మనం వెళ్లిపోయాక, మనం కట్టినదాన్ని నడిపేవాళ్ల జీతాలు, దాని రిపేర్లు ఎవరు భరిస్తారని మాత్రం ఎవరూ అడగరు. అది పని మొదలుపెట్టకముందే నువ్వు అడగాలి. కాబూల్ దగ్గర తారాఖిల్‌లో అమెరికా సుమారు 33.5 కోట్ల డాలర్లతో డీజిల్ విద్యుత్ కేంద్రం కట్టించింది. సముద్రం లేని దేశం, డీజిల్ లారీల్లో రావాలి. ఉజ్బెకిస్తాన్ నుంచి తీగల మీద వచ్చే కరెంటేమో ఎంతో చౌక. 2014-15లో తనిఖీ చేస్తే ఆ డీజిల్ కేంద్రం సామర్థ్యంలో 1 శాతం కూడా వాడటం లేదని తేలింది.

2003లో అఫ్గానిస్తాన్‌లో మొదలైన గ్రామాభివృద్ధి పథకం, నేషనల్ సాలిడారిటీ ప్రోగ్రామ్, నాకు నచ్చిన పని. ఊరివాళ్లే కమిటీని ఎన్నుకునేవారు. ఇంటికి 200 డాలర్ల లెక్కన, ఊరికి 60 వేలు మించకుండా గ్రాంటు. ఏం కట్టుకోవాలో వాళ్లిష్టం. 500 ఊళ్లు తీసుకుని, సగం ఊళ్లకు ముందుగా ఇచ్చి పోల్చి చూశారు. మంచినీళ్లు, కరెంటు మెరుగయ్యాయి. సాగునీటి పనులతో పెద్దగా ఒరిగిందేమీ లేదు. ప్రభుత్వం మీద పెరిగిన మంచి అభిప్రాయం పనులు అయిపోయాక చాలావరకు పోయింది. అందుకే బోరు వేస్తే గొడవలు తగ్గుతాయని ప్రతిపాదనలో రాయమంటే రాయకు. నీళ్లొస్తాయని రాయి, చాలు.

రవాణా బిల్లులు నువ్వే చూడు. అఫ్గానిస్తాన్‌లో అమెరికా సైన్యానికి సరుకు చేరవేసే లారీలు దారిలో ముఠాలకు డబ్బు కట్టేవని 2010లో అమెరికా కాంగ్రెస్ కమిటీయే బయటపెట్టింది. అందులో కొంత తాలిబన్లకూ చేరుతుండొచ్చని చెప్పింది. మీ దగ్గరా చెక్‌పోస్టుల వసూళ్లు మామూలే. బిల్లులో 'సెక్యూరిటీ' అన్న ముక్క కనిపిస్తే ఎవరికి, ఎక్కడ ఇచ్చారో తెలిసేదాకా సంతకం పెట్టకు.

ఇంకొకటి, ఇది వింటే నీకు కోపం రావచ్చు. స్థానికులకు మరీ పెద్ద జీతాలు పెట్టకండి. కాబూల్‌లో టీచర్లు, డాక్టర్లు కూడా ఉన్న పని వదిలేసి విదేశీ సంస్థల్లో దుబాసీలుగా, డ్రైవర్లుగా చేరిపోయారు. దక్షిణ సూడాన్‌లో ప్రభుత్వ జీతాలు నెలల తరబడి అందవు, అక్కడ ఉన్న పని వదిలేసి వచ్చేయాలన్న ఆశ ఇంకా ఎక్కువ. మీ జీతాల పట్టిక వేసేముందు ఆ ఊరి ఆస్పత్రిలో నర్సుకు ఎంత వస్తుందో, ఆఖరిసారి ఎప్పుడు వచ్చిందో కనుక్కో.

మామయ్య